రంపానికి నీరసం

చెక్క సగం దాకా బుద్ధిగానే వెళ్ళింది. అక్కడ్నించి ఇక కదలనంటే కదలనని భీష్మించుకుంది.

కోడలు ఇంకాస్త తోసింది. బల్ల మధ్యలోంచి పైకి లేచి గిర్రున తిరిగే గుండ్రటి రంపం బ్లేడు నెమ్మదించింది, మరీ నెమ్మదించింది, ఆఖరికి చెక్కలోనే నిలబడిపోయింది. బల్ల కింద మోటారు మాత్రం తన రొద తాను పెడుతూనే ఉంది. మాడు వాసన గుప్పుమంది. ఆమె మోకాలితో ఎర్ర బటన్ నొక్కి మిషన్ ఆపేసి, చెక్కని వెనక్కి లాక్కుంది. కోసిన అంచు పొడుగునా నల్లటి చార, ఇస్త్రీపెట్టె మరిచిపోతే చీర మీద పడ్డట్టు.

"చూశారా!" అన్నారు మామగారు.

ఆ 'చూశారా' కోడల్ని కాదు. గుమ్మంలో నిలబడ్డ లైబ్రరీ మేడమ్‌ని. పిల్లల కోసం కొత్తగా కడుతున్న చదువుల గదికి పుస్తకాల అరలు కావాలని, అవి ఈ అమ్మాయే చెయ్యాలని, వెతుక్కుంటూ వచ్చి మరీ పని ఇచ్చిన మనిషి. పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని పాపం అప్పుడే అడుగుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఈ మిషన్‌కి నీరసం రావాలా!

"మా కోడలి చెయ్యి మెత్తనండీ," మామగారు ఉలి సానబెడుతూ నవ్వుతూనే అన్నారు. "రంపానికి చెయ్యి తెలిసిపోతుంది. భయపడుతూ తోశామనుకోండి, అదీ భయపడుతుంది."

"నేను భయపడలేదు మామయ్యా," అంది కోడలు.

"భయపడ్డానని ఎవరు ఒప్పుకుంటారమ్మా?"

మేడమ్ ఇబ్బందిగా నవ్వి, గోడకి ఆనించిన చెక్కల వంక చూసి, శుక్రవారం మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది. కోడలికి చెవులు రెండూ వేడెక్కిపోయాయి. ఇంట్లో అంటే అన్నారు, పడొచ్చు. బయటి మనిషి ముందు, అందులోనూ తన పేరు చెప్పి పని ఇచ్చిన మనిషి ముందు! ఏడుపు రాలేదు గానీ, వస్తే బాగుండుననిపించింది.

మామగారు అక్కడితో ఊరుకుంటే ఆయన మామగారెందుకవుతారు? సానరాయి పక్కనపెట్టి తీర్పు చెప్పేశారు. "ఇదిగో అమ్మాయ్. శుక్రవారం దాకా చూస్తాను. మిషన్ దారికొచ్చిందా, సరే. రాలేదా, కర్రంతా మెయిన్ రోడ్డు మిల్లుకి పంపించి కోయిస్తాను. ఈ బొమ్మ మిషన్ ఎవరికో ఒకరికి అమ్మేద్దాం. నువ్వు పాలిష్ చూసుకో. పాలిష్‌లో నీకు సాటి లేరు."

పాలిష్‌లో సాటి లేరట! ఆ మెప్పు కంటే తిట్టు నయం. కార్ఖానాలో పొట్టు ఊడ్చిన దగ్గర్నించి, ఇంచుపట్టీ పట్టడం దగ్గర్నించి, చెక్క వాసన చూసి పచ్చిదో ఎండిందో చెప్పే దాకా ఒక్కొక్కటీ నేర్చుకుంటూ వస్తే, రంపం బల్ల ముందు నిలబడే రోజు మొన్నమొన్ననే వచ్చింది. పాత మిషన్ కాలిపోయాక మొగుడూ పెళ్ళాం కలిసి వెళ్ళి ఎంచుకుని తెచ్చిన మిషన్ ఇది. తెచ్చినరోజే మామగారు దాని చుట్టూ ఓసారి తిరిగి, "నా మిషన్ కాలు దువ్వితే నేల అదిరేది. ఇది కుట్టుమిషన్‌లా ఉంది," అనేశారు. ఇప్పుడిక ఆయన మాటకి తిరుగేముంది?

"చూద్దాం," అనుకుంది కోడలు. పైకే అనుకుంది. మామగారు వినలేదు, ఉలి చప్పుడులో.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టింది. మొదట ప్లగ్గు పీకి, కళ్ళెదురుగా బల్ల మీదే పెట్టుకుంది. ఆ తర్వాతే బ్లేడు విప్పింది. పళ్ళ సందుల్లో టేకు జిగురు గోధుమరంగులో గడ్డకట్టి ఉంది. పళ్ళెంలో కిరోసిన్ పోసి బ్లేడుని నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో ఒక్కొక్క పన్నూ తోమింది.

అత్తగారు మెట్ల మీంచి తొంగిచూసి ముక్కున వేలేసుకుంది. "పసివాడికి స్నానం చేయించినట్టు చేయిస్తున్నావేమే!"

"పసివాడు నయం అత్తయ్యా. కనీసం ఏడుస్తాడు. దీనికేం నొప్పో ఇది చెప్పదుగా."

"చెప్పకపోతే పోయె. నాకైతే రెండు రోజుల్నించీ ప్రాణం హాయిగా ఉంది. ఇదివరకు నీ మిషన్ మొదలెడితే వంటింట్లో మూతలన్నీ నాట్యం చేసేవి. ఇప్పుడు ఎంత బుద్ధిగా ఉంటోందో!"

బుద్ధి కాదు అత్తయ్యా, జబ్బు, అనుకుంటూ కోడలు బ్లేడు తుడిచి బిగించింది. పళ్ళు తనవైపు తిరిగి ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుంది. మిషన్ వేసింది. ఉత్తినే తిరిగేటప్పుడు భేషుగ్గా తిరుగుతోంది. చెక్క అంచు తగిలించింది. నాలుగు వేళ్ళ మేర కోసి, నీరసంగా ఆగిపోయింది.

సరే, చెక్క పచ్చిదేమో. పోయినేడు మిగిలిన ముక్క, ఎండి గవ్వలా ఖణేల్‌మనేది, తెచ్చి పెట్టింది. అదే కథ. సరే, పక్కన చెక్క ఒరుసుకుంటూ పోయే గైడు పట్టీ వంకరగా ఉండి బ్లేడుని నొక్కేస్తోందేమో. ముందు కొలిచింది, వెనక కొలిచింది. దారం పట్టినంత తిన్నగా ఉంది. సరే, కరెంటు చాలట్లేదేమో. పొడుగు వైరు చుట్ట తీసేసి మిషన్‌ని గోడ ప్లగ్గు దాకా ఈడ్చుకెళ్ళి, తిన్నగా దానికే పెట్టింది. మొగుడూ ఓ చెయ్యి వేశాడు. పెళ్ళాం కష్టం చూసి కాదు, మిషన్ తన కాలి మీదికి రాకుండా ఉండాలని.

"ఇప్పుడు చూడు, పులిలా దూకుతుంది," అన్నాడు.

దూకలేదు. మామగారు దూరంగా తలుపు చట్రానికి గాడి తీస్తూ దగ్గారు. ఆ దగ్గుకి అర్థం అందరికీ తెలుసు.

పైన ఆడబిడ్డ కొడుకు కేర్‌మన్నాడు. నాలుగు నెలల వెధవ, ఇంటిల్లిపాదికీ వాడు 'దొరగారు'. ఆడబిడ్డని ఇంట్లో అందరూ అమ్మడూ అంటారు. అమ్మడు కాన్పుకి ముందునుంచీ ఇక్కడే ఉంది, అంటే దొరగారు ఈ కార్ఖానా చప్పుడు కడుపులో ఉన్నప్పట్నించీ వింటున్నారన్నమాట. అమ్మడు వాణ్ణి భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చింది. జుట్టు రేగిపోయి, కళ్ళ కింద నల్లగా.

"వదినా, వీడికేమైందో చెప్పు. మొన్నమొన్నటిదాకా పొద్దున పడుకుంటే మధ్యాహ్నం లేచేవాడు. ఈ వారంలో కన్ను మూస్తే ఒట్టు! నాకు పిచ్చెక్కిపోతోంది."

"ఇక్కడా అదే గొడవ," అంది కోడలు, చేతుల పొట్టు దులుపుకుని వాడి బుగ్గ గిల్లుతూ. "ఇద్దర్నీ కలిపి ఒకే డాక్టరుకి చూపిద్దాం."

"చప్పుడుకి ఏడుస్తున్నాడేమో నాన్నా?" అమ్మడు తండ్రిని అడిగింది.

మామగారు గాడి లోంచి తలెత్తలేదు. "కార్ఖానా ఇంట్లో పుట్టినవాడికి చప్పుడు పడకపోతే ఎలాగే? అలవాటు చేసుకుంటాడు. నువ్వు పెరగలేదూ? నీ అన్న పెరగలేదూ? మేమెవరమూ నోరు నొక్కుకుని పని చెయ్యలేదు."

అంత రాతిగుండె మనిషి ఆయన. అని అందరూ అనుకుంటారు.

గురువారం మోటారు మెకానిక్ వచ్చాడు. వచ్చీరాగానే మిషన్‌ని కాకుండా కోడల్ని పరీక్షించాడు. "మీరేనా కోసేది? ఎలా తోస్తారు? చూపించండి." మామగారి దగ్గు మళ్ళీ వినపడింది. కోడలు చూపించింది. మెకానిక్ తల గోక్కుని, వెనక మూత తీసి, మోటారు పక్కనున్న చిన్న డబ్బాలోంచి కండెన్సర్ పీకి, కొత్తది వేశాడు. "నూటికి తొంభై ఇదేనమ్మా. ఇక చూస్కోండి."

మిగతా పదిలో పడింది వీళ్ళ మిషన్. కొత్త కండెన్సర్‌తో మోటారు ఇంకా హుషారుగా రొద పెట్టింది, చెక్క తగలగానే బ్లేడు ఇదివరకంత హాయిగా ఆగిపోయింది. మెకానిక్ మోటారు మీద చెయ్యి వేసి చూశాడు. "వేడి కూడా లేదే! మోటారు బంగారంలా ఉందమ్మా. మరి ఎందుకో..." అంటూ ఆ 'ఎందుకో'ని అక్కడే వదిలేసి సంచీ సర్దుకున్నాడు.

"మోటారు మంచిదే, బ్లేడు మంచిదే, కర్ర మంచిదే," మామగారు వేళ్ళు మడిచారు. నాలుగో వేలు మడవకుండా కోడలి వంక చూశారు.

ఆ పూట కోడలికి అన్నం సహించలేదు. కంచం ముందు కూర్చుని మొగుడితో అంది. "మీరు చెప్పండి. నా చెయ్యి అంత చవట చెయ్యా?"

"ఛ, నాన్న మాటలు పట్టించుకుంటావేంటి?"

"పట్టించుకోను. కానీ రేపు మిల్లుకి పంపిస్తే, ఇక ఆ బల్ల ముందు నన్ను నిలబడనివ్వరు. అది నాకు తెలుసు. మీకూ తెలుసు."

అతనికీ తెలుసు. అందుకే పెరుగు గిన్నె ఆమె వైపు జరిపాడు. ఆమెకి ఒళ్ళు మండింది. ఇంత పెద్ద గొడవకి పెరుగా జవాబు! అయినా వేసుకుంది, ఆకలి వేరే సంగతి కదా.

శుక్రవారం పొద్దున కార్ఖానాలో ఆమె ఒక్కతే ఉంది. మొగుడు ఎక్కడో తలుపులు బిగించడానికి వెళ్ళాడు. మామగారు పైన ఉన్నారు. ఇదే ఆఖరిసారి అనుకుని, ఓ పనికిరాని ముక్క తీసుకుని, ఈసారి కొయ్యడానికి కాదు, వినడానికి మిషన్ వేసింది.

చెక్క ఆనించింది. బ్లేడు నెమ్మదించింది. ఆగింది. మిషన్ ఆపకుండా తల వంచి, ఒక్క క్షణం చెవి పెట్టింది. మోటారు రొద కాస్తయినా తగ్గలేదు. బరువు మోస్తున్న మనిషి మూలుగుతాడా లేదా? ఇది మూలగట్లేదు. కూనిరాగం తీస్తోంది! పైన బ్లేడు చచ్చిపడుంటే కింద దీనికి కబురే అందలేదు.

మిషన్ ఆపేసింది. మాడు వాసన పీల్చింది. ఇన్నాళ్ళూ చెక్క మాడుతోందనే అనుకుంది. చెక్క మాడుతోంది, నిజమే. కానీ దాని వెనక ఇంకో వాసన ఉంది. రబ్బరు!

బెల్టు. మోటారు బలాన్ని బ్లేడుకి అందించేది బెల్టే. దాని జోలికి ఆమె ఎందుకు వెళ్ళలేదంటే, మిషన్ అమ్మినవాడు ఒట్టేసి మరీ చెప్పాడు. 'ఇందులో మోటారు కింద నిలబడదమ్మా, వేలాడుతుంది. దాని బరువే బెల్టుని లాగి పెడుతుంది. వదులయ్యే ప్రశ్నే లేదు.'

ప్లగ్గు పీకి, వెనక మూత తీసి, బొటనవేలితో బెల్టుని నొక్కింది. పాత లంగా బొందులా లోపలికి పోయింది. లోపలంతా నల్లటి పొడి. 'ప్రశ్నే లేదు' అన్నవాణ్ణి తలుచుకుని, నేల మీద బోర్లా పడుకుని, మోటారు కింద చెయ్యి పెట్టి పొట్టు లాగేసింది. వేళ్ళకి మెత్తగా ఏదో తగిలింది.

మోటారు వేలాడటం లేదు. హాయిగా దిండ్ల మీద పడుకుని ఉంది. రెండు రబ్బరు ముక్కలు, ఒక్కొక్కటి అరచేతంత, ఇనప చట్రానికీ మోటారు పలకకీ మధ్య దిగ్గొట్టి ఉన్నాయి. మోటారు లేచింది, బెల్టు వదులైంది. ఇంతే! మూడు రోజులుగా తన పరువు తీసింది ఈ రెండు ముక్కలు!

మోటారుని ఓ చేత్తో ఎత్తి వాటిని బయటికి లాగింది. వెలుతురులోకి తెచ్చి చూడగానే ఎవరి పనో అర్థమైపోయింది. మూలలు నాలుగూ నున్నగా గుండ్రంగా చెక్కి ఉన్నాయి. రబ్బరు ముక్కకి మూలలు చెక్కేవాళ్ళు లోకంలో ఒక్కరే ఉంటారు. కోసుగా ఉన్న మూల కనపడితే ఆ మనిషికి నిద్ర పట్టదు. అది చాలనట్టు వాటికి తన పాత బనీను గుడ్డ కూడా చుట్టారు, కిర్రుమనకుండా.

మామయ్యా! మీరా!

ఒళ్ళంతా భగ్గుమంది. పెట్టింది ఆయన. పెట్టి, మెత్తని చెయ్యి అని నలుగుర్లో నవ్వించింది ఆయన. ముక్కలు రెండూ చేత్తో పట్టుకుని, పొట్టు చీరతోనే మెట్లు రెండేసి ఎక్కేసింది. ఏమనాలో మాటలు కూడా కూర్చుకుంది. మంచి ఘాటైన మాటలే దొరికాయి.

ముందుగది తలుపు ఓరగా ఉంది. లోపల మామగారు అటు తిరిగి నిలబడి ఉన్నారు. భుజం మీద దొరగారు. అమ్మడు గోడకి చేరబడి కూర్చునే నిద్రపోతోంది.

"ఏరా, ఇంకా నిద్ర రాదేంరా?" మామగారు గుసగుసగా అంటున్నారు. అంత పెద్ద గొంతుకి అంత చిన్న గుసగుస ఎక్కడిదో! "ఇప్పుడు చప్పుడు రావట్లేదుగా? ఆవేళ మిషన్ వెయ్యగానే ఉలిక్కిపడ్డావు కదూ. పెదవి ఇలా వంకర తిప్పావు. తాత ప్రాణం ఉసూరుమందిరా. అందుకే దానికి జోళ్ళు తొడిగాను. నా పాత మిషన్‌కీ ఇలాగే తొడిగేవాణ్ణి, మీ అమ్మ కోసం. ఎవరికీ చెప్పకు, నవ్వుతారు. మిషనేమో నీరసించిపోయింది, అది వేరే సంగతి. బొమ్మ మిషన్..."

కోడలు గుమ్మం బయటే ఆగిపోయింది. కూర్చుకున్న ఘాటు మాటలు ఎటు పోయాయో పోయాయి. ముందు అర్థమైంది, ఆ తర్వాత నవ్వొచ్చింది, ఆ నవ్వు ఆపుకోడానికి కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది. ఆయన పాత మిషన్ మోటారు నేలకి బోల్టులు బిగించి ఉండేది. కింద రబ్బరు వేస్తే చప్పుడు తగ్గుతుంది, అంతకు మించి ఏమీ కాదు. ఇది వేలాడే మోటారని ఆయనకి ఎవరు చెప్పారు? బొమ్మ మిషన్ లోపల ఏముందో ఆయన అడిగితేనా!

ఇంత ప్రేమని ఎలా తిట్టడం? తిట్టకుండా ఎలా ఊరుకోవడం? చడీచప్పుడు లేకుండా మెట్లు దిగి, రబ్బరు ముక్కల్ని చిత్తు చెక్కల పెట్టెలో అడుగుకి తోసేసింది. నలుగురి ముందు మాట పడితే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. ఇంకొకరికి అది ఎందుకు?

మధ్యాహ్నం మొగుడు వచ్చేసరికి బెల్టు శుభ్రంగా తుడిచి, మోటారుని దాని మానాన దాన్ని వేలాడదీసి, మూత బిగిస్తోంది.

"దొరికింది," అంది. "బెల్టు వదులైంది."

"బెల్టా? మోటారు వేలాడుతుంటే బెల్టు ఎలా వదులవుతుంది?"

"ఏమో. పొట్టు అడ్డం పడిందేమో."

"పొట్టు మోటారుని ఎత్తుతుందా? అంత బరువు!"

ఈ మనిషికి ఇప్పుడే తెలివి రావాలా, అని ఆమె కళ్ళు పెద్దవి చేసింది. ఆలస్యమైపోయింది. మెట్ల మీద మామగారు ఆగిపోయి ఉన్నారు.

"వేలాడటమేమిట్రా?" అన్నారు.

కొడుకు రెండు చేతులతో చూపించాడు. ఇది మోటారు, ఇది బెల్టు, మోటారు ఇలా కిందికి జారుతుంది, బెల్టు ఇలా బిగుస్తుంది. కింద ఏదైనా అడ్డం పెట్టావా, అంతే సంగతులు. మామగారు ఆ చేతుల వంకే చూస్తూ విన్నారు. తర్వాత వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మోటారు కిందికి వంగి చూశారు. అక్కడ ఏమీ లేదు. తలెత్తి కోడల్ని చూశారు. కోడలు ఇంచుపట్టీ లాగుతూ, వదులుతూ, దాంట్లో అంకెలు ఇప్పుడే కొత్తగా రాసినట్టు చూస్తోంది.

ఇంతలో లైబ్రరీ మేడమ్ రానే వచ్చింది. "ఏమైందమ్మా? కుదురుతుందా, లేక..."

"కుదురుతుందండీ," అంది కోడలు. "బెల్టు వదులైంది. బిగించేశాను. అంతే."

"అంతే కాదు," అన్నారు మామగారు.

లేచి వెళ్ళి చిత్తు పెట్టెలో చెయ్యి పెట్టారు. పైపై ముక్కలు పక్కన పడేసి అడుక్కంటా వెతికారు. కోడలు దాచేది ఎక్కడో ఆయనకి తెలుసు, ఏళ్ళ తరబడి ఒకే గదిలో పని చేసినవాళ్ళు కదా. రెండు రబ్బరు ముక్కలూ తీసి, మేడమ్ ముందు బల్ల మీద పెట్టారు. చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి ఆయనవి.

"ఇవి నేను పెట్టానండీ. మనవడు ఉలిక్కిపడుతున్నాడని. ఈ మిషన్ సంగతి తెలియక పెట్టాను. మొన్న మీ ముందు మా కోడలి చెయ్యి మెత్తనన్నాను చూడండి, ఆ మాట తప్పు. మెత్తన నా బుర్ర." కాస్త ఆగి, కోడలి వైపు తిరిగారు. "దొరికాక నాకెందుకు చెప్పలేదమ్మాయ్?"

"చెప్దామనే పైకొచ్చాను మామయ్యా. మీరు దొరగారితో మీటింగులో ఉన్నారు."

మేడమ్ ముందు నవ్వింది. కొడుకు తర్వాత నవ్వాడు. మామగారు నవ్వకూడదని చాలా ప్రయత్నించి, మీసం అదిరిపోయి, ఓడిపోయారు.

"ఇక చప్పుడు మొదలవుతుంది," అత్తగారు పైనుంచి అరిచింది. "ఇప్పుడే కాస్త జోకొడుతున్నాం వాణ్ణి! లేచాడంటే మీ అందరి పనీ పడతాను!"

మామగారి మొహం వాడిపోయింది. కోడలి వంక, పైకప్పు వంక, మళ్ళీ కోడలి వంక చూశారు. కోడలు ఆగింది. మేడమ్ ముందు బల్ల మీద చెక్క పొడుగ్గా పడుకుని ఉంది, దాని మీద గీత గీసి ఉంది.

"వెయ్యి," అన్నారాయన. "పని పని."

ఆకుపచ్చ బటన్ నొక్కింది. అబ్బ, ఏం రొద! నేల అదిరింది, కిటికీ రెక్కలు గడగడలాడాయి, వంటింట్లో మూతలు నాట్యం మొదలెట్టాయి. చెక్కని ఆనించింది. బ్లేడు నెమ్మదించలేదు. వెన్నలో కత్తి దిగినట్టు దిగిపోయింది. పొట్టు ఎగిరి మొహాన పడుతుంటే ఆమెకి చిన్నపిల్లలా గెంతాలనిపించింది. ఈ చివర నుంచి ఆ చివరికి, తెల్లగా, నున్నగా, ఒక్క చార లేకుండా!

ఎర్ర బటన్ నొక్కింది. అందరూ పైకప్పు వంక చూశారు. నిశ్శబ్దం. ఒక క్షణం. రెండు క్షణాలు. అప్పుడు పైనుంచి కేర్‌మని ఏడుపు.

"అయ్యో," అన్నారు మామగారు.

ధడధడా మెట్ల మీద అమ్మడి అడుగులు. కోపంతో ఊగిపోతూ వచ్చింది. "ఎందుకాపావు వదినా? ఇన్నాళ్ళకి హాయిగా నిద్రపట్టింది వాడికి! ఆ చప్పుడు మొదలెట్టగానే కళ్ళు మూశాడు. ఆపగానే లేచాడు!"

మామగారు బల్ల మీద రబ్బరు ముక్కల వంక అదోలా చూశారు. చాటుగా నేల మీద పడుకుని, మూలలు చెక్కి, బనీను చుట్టి, ఆయన పోగొట్టింది మనవడి నిద్రే!

అప్పుడు ఆయన గోడ దగ్గరికెళ్ళి, పొడుగాటి టేకు పలక ఒకటి భుజాన వేసుకొచ్చి, గైడు పట్టీకి ఆనించి కోడలి ముందు పెట్టారు. పెట్టి, తను బల్లకి అవతలి పక్కకి నడిచారు. కోసిన చెక్కని అందుకునే పక్కకి. అక్కడ పని నేర్చుకునేవాళ్ళు నిలబడతారు, చేతికిందివాళ్ళు నిలబడతారు. ఈ కార్ఖానాలో ఆయన అక్కడ నిలబడగా ఎవరూ చూడలేదు. చేతులు రెండూ చాపారు.

"కొయ్యమ్మా," అన్నారు. "నేను అందుకుంటాను. సాయంత్రం దాకా ఆపకు."